కృష్ణబిలం అంచున వెలుగు, వేడి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కృష్ణబిలాల దగ్గర కాంతికీ వేడికీ ఏమవుతుందని అడిగిన ప్రశ్నల్ని ఈసారి ఒకచోట చేర్చాం. జవాబులకు ముందు ఒక కొలబద్ద కావాలి. కృష్ణబిలం సరిహద్దును ఈవెంట్ హొరైజన్ అంటారు, తెలుగులో క్షితిజం. దాని వ్యాసార్ధం కట్టడం తేలిక. కృష్ణబిలం ద్రవ్యరాశి సూర్యుడికి ఎన్ని రెట్లో ఆ సంఖ్యను 2.95 కిలోమీటర్లతో హెచ్చవేస్తే చాలు. 10 సూర్యుల ద్రవ్యరాశి ఉన్నదానికి 29.5 కిలోమీటర్లు. పాలపుంత నడిమధ్యన ఉన్న సాజిటేరియస్ ఎ-స్టార్‌ 43 లక్షల సూర్యులకు సమానం కాబట్టి దానికి 1.27 కోట్ల కిలోమీటర్లు. ఎం87 గెలాక్సీలోది 650 కోట్ల సూర్యులంత, అంటే సుమారు 1,900 కోట్ల కిలోమీటర్లు. కింద "2 వ్యాసార్ధాల దూరం" అంటే కేంద్రం నుంచి ఇలాంటివి రెండు అని అర్థం. ఈ దూరం టేపు పెట్టి కొలిచింది కాదు, చుట్టుకొలతను 2π తో భాగిస్తే వచ్చేది. ఈ తేడా చివర్లో ఒక లెక్కలో బయటపడుతుంది. వేరుగా చెప్పనిచోట లెక్కలన్నీ తన చుట్టూ తాను తిరగని కృష్ణబిలానివే.

ప్రశ్న: కాంతికి ద్రవ్యరాశి లేదు కదా, గురుత్వం దాన్ని ఎలా పట్టి ఆపుతుంది? అక్కడ కాంతి వేగం తగ్గిపోతుందా?

జవాబు: ద్రవ్యరాశి ఉన్నవాటినే గురుత్వం లాగుతుందన్నది న్యూటన్ సూత్రం చదివాక మనసులో స్థిరపడే అభిప్రాయం. ఐన్‌స్టీన్ 1915లో చెప్పింది వేరు. ద్రవ్యరాశి, శక్తి కలిసి స్థలాన్నీ కాలాన్నీ వంచుతాయి, ఆ వంపులో ఏది ప్రయాణించినా దారి మారుతుంది. కాంతికి మినహాయింపు లేదు. సూర్యుడి అంచును రాసుకుంటూ వచ్చే నక్షత్ర కాంతి 1.75 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) వంగాలని ఆయన లెక్క. కాంతిని వేగంగా పోయే రేణువుగా భావించి న్యూటన్ పద్ధతిలో కడితే అందులో సగమే వస్తుంది. 1919 మే 29 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు తీసిన ఫొటోలు ఐన్‌స్టీన్ అంకెవైపే మొగ్గాయి.

ఇక వేగం. కాంతి పోతున్నచోటే నిలబడి కొలిస్తే ఎప్పుడూ సెకనుకు 2,99,792 కిలోమీటర్లే, కృష్ణబిలం పక్కన కూడా. దూరంగా కూర్చుని ఆ కాంతి రాకపోకలకు గడియారం పెట్టినవాడికి మాత్రం ఆలస్యం కనబడుతుంది. ఈ ఆలస్యాన్ని కొలవవచ్చని 1964లో ఇర్విన్ షపీరో సూచించాడు. సూర్యుడికి అవతలి వైపున్న గ్రహం మీదికి రాడార్ తరంగాలు పంపితే అవి తిరిగొచ్చేసరికి దాదాపు 200 మైక్రోసెకన్లు ఆలస్యమయ్యాయి. ఈ విషయంలో రేగే తగాదాల్లో చాలా వాటికి మూలం "ఎవరు, ఎక్కడ నిలబడి కొలిచారు?" అన్నది అడగకపోవడమే.

కాంతి చిక్కుకోవడం కూడా క్షితిజం దగ్గర ఉన్నట్టుండి జరిగేది కాదు. అన్ని దిక్కులకూ సమానంగా వెలుగు చిమ్మే దీపాన్ని రాకెట్ ఇంజిన్‌తో ఒకేచోట నిలబెట్టామనుకోండి. 3 వ్యాసార్ధాల దూరంలో ఉంటే దాని కాంతిలో 85 శాతం బయటపడుతుంది. 2 దగ్గర 70 శాతం. 1.5 దగ్గర సరిగ్గా సగం. ఆ దూరంలో అడ్డంగా వదిలిన కిరణం కృష్ణబిలం చుట్టూ వలయంగా తిరగగలదు. అయితే ఆ కక్ష్య నిలకడైంది కాదు, ఇసుమంత తేడా వచ్చినా కిరణం లోపలికి పడుతుంది లేదా బయటికి పోతుంది. 1.1 దగ్గర తప్పించుకునేది 15 శాతం. 1.01 దగ్గర 2 శాతం కూడా లేదు, అదీ నిట్టనిలువు దిశకు 15 డిగ్రీల లోపు వదిలిన కాంతి మాత్రమే. క్షితిజం చేరేసరికి ఆ సన్నని శంకువు కూడా మూసుకుపోతుంది.

ప్రశ్న: సూర్యుడు ఇప్పటికిప్పుడు అదే ద్రవ్యరాశితో కృష్ణబిలంగా మారితే భూమిని లాగేసుకుంటాడా?

జవాబు: లేదు. ద్రవ్యరాశి మారలేదు కాబట్టి భూమి అదే కక్ష్యలో, అదే వేగంతో తిరుగుతుంది. 8 నిమిషాల 20 సెకన్లకు చీకటి పడుతుంది, ఆపైన చలి. వింతలన్నీ ఆ 3 కిలోమీటర్ల క్షితిజం చుట్టుపక్కలే, భూమి ఉండేది 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో.

ప్రశ్న: పచ్చ లేజర్‌ను కృష్ణబిలం దగ్గర పెడితే దూరం నుంచి చూసేవాళ్లకు ఏ రంగులో కనబడుతుంది? మేమే లెక్క కట్టుకునే పద్ధతి చెప్పండి.

జవాబు: క్షితిజ వ్యాసార్ధాన్ని లేజర్ ఉన్న దూరంతో భాగించండి. వచ్చినదాన్ని 1 లోంచి తీసేయండి. మిగిలినదానికి వర్గమూలం కట్టండి. ఇదే కీలకమైన గుణకం. తరంగదైర్ఘ్యాన్ని దీంతో భాగిస్తే దూరాన కనబడే తరంగదైర్ఘ్యం, పౌనఃపున్యాన్ని దీంతో హెచ్చవేస్తే దూరాన అందే పౌనఃపున్యం వస్తాయి.

పచ్చ లేజర్ 532 నానోమీటర్లు. 3 వ్యాసార్ధాల దగ్గర గుణకం 0.816, అంటే 652 నానోమీటర్లు, ఎరుపు. 2 దగ్గర గుణకం 0.707, తరంగదైర్ఘ్యం 752, కంటికి ఆనీ ఆనని ముదురెరుపు. 1.5 దగ్గర 921, పరారుణం. కంటికి కనబడదు కానీ కెమెరా సెన్సర్ పట్టగలదు. 1.01 దగ్గర 5.3 మైక్రోమీటర్లు, ఇక థర్మల్ కెమెరా కావాలి.

లెక్క తప్పేది సాధారణంగా రెండుచోట్ల. పాఠ్యపుస్తకాల్లో బలహీన గురుత్వానికి ఇచ్చే సులువు సూత్రాన్ని ఇక్కడికి పట్టుకురావడం మొదటిది. 3 వ్యాసార్ధాల దగ్గర తరంగదైర్ఘ్యం 16.7 శాతం పెరుగుతుందని అది చెబుతుంది, నిజంగా పెరిగేది 22.5 శాతం. ఇంకా లోపలికి పోతే అది పనికిరాదు. రెండో తప్పు కదలికను మరచిపోవడం. మన గుణకం ఒకేచోట నిలిపి ఉంచిన లేజర్‌కే వర్తిస్తుంది, నిజమైన వాయువు మాత్రం తిరుగుతూ ఉంటుంది. 3 వ్యాసార్ధాల దగ్గర వృత్తాకారంలో తిరిగే వాయువు వేగం కాంతి వేగంలో సగం. ఆ వేగం వల్లే గడియారం ఇంకొంత నెమ్మదిస్తుంది, పైనుంచి చూస్తే మొత్తం గుణకం 0.816 నుంచి 0.707కి దిగుతుంది. అదే పక్కనుంచి చూస్తే మనవైపు వచ్చే అంచుకు 1.41, అవతలికి పోయే అంచుకు 0.47. ఇనుము పరమాణువులు వెలువరించే 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ల ఎక్స్ కిరణ రేఖ అక్కడ పుడితే, మనకు 3 నుంచి 9 దాకా సాగిన వెడల్పాటి మూపురంలా అందుతుంది. ఇలా సాగిన రేఖను జపాన్ ఉపగ్రహం ఆస్కా ఎంసీజీ-6-30-15 అనే గెలాక్సీలో పట్టుకుంది, ఫలితం 1995లో వెలువడింది. కృష్ణబిలం ఎంత వేగంగా గిరగిరా తిరుగుతోందో అంచనా వేయడానికి ఇప్పటికీ ఈ రేఖ ఎరుపు వైపు తోక ఎంత పొడవుందో చూస్తారు.

ఈ మార్పు కాగితం మీది లెక్క కాదు. 1960లో పౌండ్, రెబ్కా హార్వర్డ్‌లో 22.5 మీటర్ల ఎత్తులో ఇనుము-57 గామా కిరణాలతో దీన్ని భూమ్మీదే కొలిచారు. అక్కడ తేడా 1,000 లక్షల కోట్లలో రెండున్నర వంతులు మాత్రమే. 2018 మేలో ఎస్2 అనే నక్షత్రం సాజిటేరియస్ ఎ-స్టార్‌కు 1,800 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చి, సెకనుకు 7,650 కిలోమీటర్ల వేగంతో చుట్టి వెళ్లింది. నక్షత్రం కదలిక వల్ల వచ్చే మామూలు రంగు మార్పును (డాప్లర్) తీసేశాక కూడా దాని కాంతిలో సెకనుకు సుమారు 200 కిలోమీటర్ల వేగానికి సమానమైన ఎరుపు మిగిలింది. అందులో గురుత్వం వాటా కొంత, వేగం వల్ల గడియారం నెమ్మదించిన వాటా కొంత.

ప్రశ్న: కృష్ణబిలం దగ్గర వస్తువు వేడి తగ్గుతుందని ఒకచోట, పెరుగుతుందని మరోచోట చదివాను. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే, ఎందుకంటే అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

మొదట ఒంటరి వస్తువును చూద్దాం. 6,000 కేల్విన్ వేడి ఉన్న లోహపు ముద్దను 1.5 వ్యాసార్ధాల దగ్గర నిలబెట్టాం. దానికి ఆనించిన థర్మామీటర్ 6,000 అనే చూపిస్తుంది. దూరాన ఉన్న టెలిస్కోపుకు మాత్రం అది 3,464 కేల్విన్ వస్తువులా కనిపిస్తుంది, ఎందుకంటే ప్రతి తరంగదైర్ఘ్యమూ ఒకే నిష్పత్తిలో సాగితే వేడి వస్తువు వర్ణపటం ఆకారం చెడదు, తక్కువ వేడి ఉన్న వస్తువు వర్ణపటంగా మారుతుంది. వెలుగు గరిష్ఠంగా ఉండే చోటు 0.48 మైక్రోమీటర్ల నుంచి 0.84కి జరుగుతుంది. దాని ఉపరితల ప్రకాశం తొమ్మిదో వంతుకు పడిపోతుంది, అంటే గుణకానికి నాలుగో ఘాతం. ఒక్కో ఫోటాన్ (కాంతి రేణువు) శక్తి తగ్గడం ఒకటి, సెకనుకు అందే ఫోటాన్లు తగ్గడం రెండు, అదే కాంతి ఆకాశంలో పొడవునా వెడల్పునా ఎక్కువ మేర పరుచుకోవడం మిగతా రెండు.

రెండో ప్రశ్న: వేడి బయటికి పోని నిలువుపాటి మూసిన గొట్టాన్ని కృష్ణబిలం మీదికి దించి, లోపల అంతా సమతుల్యానికి వచ్చేదాకా ఆగితే? కింది భాగమే ఎక్కువ వేడిగా ఉంటుంది. కిందినుంచి పైకి ఎక్కే వికిరణం బలహీనపడి చేరుతుంది, పైనుంచి దిగేది బలపడి చేరుతుంది. రెండు చివరలూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే కిందికి చేరే వేడే ఎక్కువవుతుంది కాబట్టి, లెక్క సరిపోయేదాకా అడుగు వేడెక్కుతూ పోతుంది. రిచర్డ్ టోల్మన్ 1930లో తేల్చిన నియమం ఇది: ఉష్ణోగ్రతను మన గుణకంతో హెచ్చవేస్తే గొట్టం పొడవునా ఒకే విలువ రావాలి. పై చివర చాలా దూరంలో 300 కేల్విన్ ఉంటే 1.01 దగ్గరున్న అడుగు సుమారు 3,015 కేల్విన్. భూమ్మీద ఒక మీటరు ఎత్తుకు ఈ తేడా ఒక కేల్విన్‌ను 30 లక్షల కోట్ల వంతులు చేస్తే అందులో ఒక వంతు, కొలవడం గురించి ఆలోచించనక్కర్లేదు.

ఎక్స్ కిరణ వర్ణపటాలతో పనిచేసే విద్యార్థులు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. కృష్ణబిలం చుట్టూ పళ్లెంలా పరుచుకుని తిరిగే వాయువును డిస్క్ అంటారు; ఆ డిస్క్ పైపొరలో ఎలక్ట్రాన్లు కాంతిని చెదరగొట్టడం వల్ల రంగునుబట్టి కట్టిన ఉష్ణోగ్రత అసలుకన్నా సుమారు 1.7 రెట్లు ఎక్కువ వస్తుంది. దీన్ని సవరించకపోతే డిస్క్ లోపలి అంచు వ్యాసార్ధం ఉన్నదాంట్లో దాదాపు మూడో వంతుగా తేలుతుంది. ఎందుకంటే వెలువడే శక్తి వ్యాసార్ధం వర్గాన్నీ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్నీ బట్టి ఉంటుంది, కాబట్టి 1.7 రెట్ల పొరపాటు వర్గమై వ్యాసార్ధం మీద పడుతుంది. గురుత్వ సవరణ ఒక్కటీ వేసి సరిపెట్టుకుంటే ఫలితం చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ తప్పు.

ప్రశ్న: అన్నీ మింగేసే కృష్ణబిలం చుట్టూ అంత వేడి ఎక్కణ్నుంచి వస్తుంది? పెద్ద కృష్ణబిలం దగ్గర ఇంకా ఎక్కువ వేడి ఉండాలి కదా?

జవాబు: వేడి క్షితిజం బయటే పుడుతుంది. పడే వాయువుకు ఎంతో కొంత పక్కవాటు వేగం ఉంటుంది కాబట్టి సూటిగా పడలేక డిస్క్‌గా పరుచుకుంటుంది. లోపలి పొరలు వేగంగా, బయటి పొరలు నెమ్మదిగా తిరుగుతాయి. వాటిని కలిపి పట్టుకున్న అయస్కాంత క్షేత్రం లోపలి పొరను వెనక్కి లాగి బయటి పొరను ముందుకు తోస్తుంది. ఈ లాగులాటే వాయువును అల్లకల్లోలం చేసి వేడెక్కిస్తుందని 1991లో బల్బస్, హాలీ చూపించారు. అణువుల మధ్య మామూలు రాపిడి దీనికి ఏ మాత్రం చాలదు. వేగం పోగొట్టుకున్న వాయువు లోపలికి జారుతుంది, జారేకొద్దీ శక్తి విడుదలవుతుంది. 3 వ్యాసార్ధాల లోపల నిలకడైన కక్ష్యే లేదు, అక్కణ్నుంచి ఇక పతనమే.

ఆ అంచు చేరేలోపు వాయువు తన ద్రవ్యరాశిలో 5.7 శాతాన్ని శక్తిగా వదులుతుంది. హైడ్రోజన్ సంలీనంలో వచ్చేది 0.7 శాతమే. గరిష్ఠ వేగంతో తిరిగే కృష్ణబిలం దగ్గర నిలకడైన కక్ష్యలు క్షితిజం దాపుకు వెళతాయి కాబట్టి ఆ అంకె 42 శాతం దాకా పోవచ్చు.

పెద్దదైతే వేడి ఎక్కువన్న ఊహ మాత్రం తలకిందులు. నిండుగా మేత అందుతున్న కృష్ణబిలాల్లో వెలువడే శక్తి ద్రవ్యరాశికి తగ్గట్టు పెరుగుతుంది, డిస్క్ వైశాల్యం ద్రవ్యరాశి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి చదరపు మీటరుకు వచ్చే శక్తి తగ్గుతుంది, ఉష్ణోగ్రత ద్రవ్యరాశి నాలుగో మూలం చొప్పున పడిపోతుంది. 10 సూర్యులంత కృష్ణబిలం డిస్క్ లోపలి అంచు కోటి కేల్విన్ ప్రాంతంలో ఎక్స్ కిరణాలు చిమ్ముతుంది. 10 కోట్ల సూర్యులంత దాని డిస్క్ లక్ష, రెండు లక్షల దగ్గర ఆగి అతినీలలోహితంలో వెలుగుతుంది.

ఈ లెక్క దట్టమైన, పలచటి రేకులాంటి డిస్క్‌కే. సాజిటేరియస్ ఎ-స్టార్ దగ్గర వాయువు మరీ పలచన. వేడి ప్రోటాన్లకు పడుతుంది, కాంతిని వెలువరించాల్సింది ఎలక్ట్రాన్లు. ఒకదాన్నొకటి ఢీకొనడమే అరుదైనచోట ప్రోటాన్ల వేడి ఎలక్ట్రాన్లకు చేరేలోపే వాయువు క్షితిజం దాటిపోతుంది. అందుకే అక్కడ ఎలక్ట్రాన్లే వెయ్యి కోట్ల కేల్విన్ దాటినా కృష్ణబిలం పరిసరాలు మసకగానే ఉంటాయి. ఉష్ణోగ్రత, వెలుగు ఒకటి కావని గుర్తు చేయడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ప్రశ్న: కృష్ణబిలం ఫొటోలో నారింజ రంగు వలయం నిజమేనా? ఒక వైపు ఎందుకు ఎక్కువ వెలుగుంది?

జవాబు: రంగు మనుషులు వేసిందే. 2019 ఏప్రిల్ 10న విడుదలైన ఎం87 చిత్రాన్ని, 2022 మే 12న వచ్చిన సాజిటేరియస్ ఎ-స్టార్ చిత్రాన్ని 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగాలతో తీశారు. ప్రకాశం ఎక్కువైన చోట పసుపు, తక్కువైన చోట ఎరుపు. మధ్యలోని చీకటి కూడా క్షితిజం కాదు, దాని నీడ. కాంతి వంగడం వల్ల నీడ క్షితిజానికి 2.6 రెట్లు పెద్దగా కనబడుతుంది. ఎం87 వలయం వ్యాసం ఆకాశంలో 42 మైక్రో ఆర్క్ సెకన్లు. ఒక వైపు వెలుగు ఎక్కువన్నది మాత్రం నిజమే: మనవైపు దూసుకొచ్చే వాయువు కాంతి బలపడుతుంది, అటు పోయేది బలహీనపడుతుంది. పైన చూసిన 1.41, 0.47 గుణకాలకు నాలుగో ఘాతం కడితే రెండంచుల ప్రకాశం మధ్య 81 రెట్ల తేడా వస్తుంది. అది పక్కనుంచి చూసినప్పటి లెక్క. ఎం87ని మనం దాదాపు పైనుంచి చూస్తున్నాం, అందుకే తేడా అంత పెద్దది కాదు.

ప్రశ్న: లోపలికి పడే వస్తువు క్షితిజం దగ్గర శాశ్వతంగా ఆగిపోయినట్టు కనిపిస్తుందంటారు. అంటే ఇప్పటిదాకా పడ్డవన్నీ అక్కడ కనబడుతూనే ఉంటాయా?

జవాబు: కనబడవు. ఆగిపోయినట్టు కనిపించడం ఎంత నిజమో, ఆరిపోవడమూ అంతే నిజం. అంచు దగ్గర తరంగదైర్ఘ్యం నిర్ణీత వ్యవధికి 2.72 రెట్ల చొప్పున సాగుతూ పోతుంది. క్షితిజ వ్యాసార్ధాన్ని కాంతి దాటడానికి పట్టే సమయానికి రెట్టింపు ఆ వ్యవధి. 10 సూర్యులంత కృష్ణబిలానికి అది 0.2 మిల్లీసెకన్లు. పచ్చని కాంతి 21 సెంటీమీటర్ల రేడియో తరంగంగా మారాలంటే ఇలాంటి వ్యవధులు 13 చాలు, అంటే 2.6 మిల్లీసెకన్లు. సాజిటేరియస్ ఎ-స్టార్ దగ్గర ఇదే మార్పుకు 18 నిమిషాలు, ఎం87 దగ్గర సుమారు 19 రోజులు. పైగా ఫోటాన్లు లెక్కపెట్టదగ్గవి. క్షితిజం దాటేలోపు ఆ వస్తువు వదిలినవి ఎన్నో అన్నే, వాటిలో ఆఖరిది అందాక చూడ్డానికి ఇంకేమీ మిగలదు.

ప్రశ్న: గురుత్వం కాంతిని బయటికి వచ్చేటప్పుడు బలహీనపరిస్తే, లోపలికి వెళ్లే కాంతిని బలపరచాలి కదా. క్షితిజం దగ్గర నిలబడినవాణ్ని ఆకాశమే కాల్చేస్తుందా?

జవాబు: బలపరుస్తుంది, కానీ కాల్చేది మీరనుకున్నంత కాదు. విశ్వమంతా నిండిన నేపథ్య వికిరణం 2.725 కేల్విన్. 1.01 దగ్గర నిలబడితే అది 27 కేల్విన్‌గా అందుతుంది. 1,000 కేల్విన్ కావాలంటే 10 సూర్యులంత కృష్ణబిలం దగ్గర వ్యాసార్ధం లెక్కలో క్షితిజానికి 22 సెంటీమీటర్ల ఎత్తు దాకా దిగాలి. మొదట్లో చెప్పిన తేడా ఇక్కడే: టేపు వేలాడదీసి కొలిస్తే ఆ 22 సెంటీమీటర్లు దాదాపు 160 మీటర్లు వస్తాయి. అక్కడ నిలబడినవాడికి ఆకాశమంతా నడినెత్తిన 0.8 డిగ్రీల బిళ్లగా, పౌర్ణమి చంద్రుడికన్నా కాస్త పెద్దగా కుంచించుకుపోతుంది. 1,000 కేల్విన్ వేడి ఉన్నా అంత చిన్న బిళ్ల నుంచి చదరపు మీటరుకు అందేది 3 వాట్లు కూడా ఉండదు. భూమికి అందే ఎండ 1,361 వాట్లు. ప్రాణం తీసేది నిలబడడమే, ఎందుకంటే అక్కడ ఆగడానికి ఇంజిన్ భూమ్మీది గురుత్వానికి 50 లక్షల కోట్ల రెట్లకు పైగా తోయాలి. ఇంజిన్ ఆపేసి దూరం నుంచి స్వేచ్ఛగా పడేవాడికి నడినెత్తి ఆకాశం వేడెక్కదు సరికదా, క్షితిజం దాటే క్షణానికి సగానికి, 1.36 కేల్విన్‌కు, చల్లబడి కనిపిస్తుంది. డిస్క్‌లో వాయువు మండుతుంటే ఈ లెక్కలేవీ నిలవవు, అక్కడ ఎక్స్ కిరణాలే ముందు పని పూర్తి చేస్తాయి.

ప్రశ్న: చుట్టూ ఏమీ లేని కృష్ణబిలానికి సొంతంగా వేడి ఉంటుందా?

జవాబు: ఉంటుందని 1974లో స్టీఫెన్ హాకింగ్ సిద్ధాంతం చెప్పింది, అయితే అంత చల్లని వికిరణాన్ని ఏ కృష్ణబిలం నుంచీ ఇప్పటిదాకా గమనించలేదు. సూర్యుడంత ద్రవ్యరాశికి అది ఒక కేల్విన్‌లో 1.6 కోట్లవ వంతు. ద్రవ్యరాశి రెట్టింపైతే ఉష్ణోగ్రత సగమవుతుంది. చుట్టూ విశ్వం 2.725 కేల్విన్ ఉండగా ఇలాంటిది వేడిని వదిలేదానికన్నా పీల్చేదే ఎక్కువ, పీల్చేకొద్దీ బరువెక్కి ఇంకా చల్లబడుతుంది. విశ్వంతో సరితూగే ఉష్ణోగ్రత ఉండాలంటే కృష్ణబిలం చంద్రుడి ద్రవ్యరాశిలో 60 శాతమే ఉండాలి, వ్యాసార్ధం 0.07 మిల్లీమీటర్లు. నక్షత్రాలు కూలి ఏర్పడినవేవీ అంత చిన్నవి కావు.